పొనికి, వెదురు, పేడ, మైనం: శిల్పం ఎన్నాళ్లు ఉండాలి?

సంక్షిప్తంగా: ఎండుకొమ్మలు, నార, పేడ, తేనెమైనం, పుప్పొడి వంటి వాటితో చేసే సమకాలీన శిల్పాలు చూసినవారికి సాధారణంగా రెండు సందేహాలు వస్తాయి. ఇది శిల్పమేనా, నాలుగు రోజులు నిలుస్తుందా? ఉత్తర తెలంగాణలో ఈ పదార్థాలతో రూపాలు కట్టడం కొత్త కాదు. ఆ రూపాలను మళ్లీ మళ్లీ కట్టే ఏర్పాటు కూడా ఇక్కడ ఎప్పటి నుంచో ఉంది. సమకాలీన శిల్పం పదార్థాన్ని తీసుకుంది గానీ, ఆ ఏర్పాటును చాలాసార్లు వెంట తెచ్చుకోలేదు. చిక్కు అక్కడే ఉంది.

రాయి మిగిలింది, మిగతాది పోయింది

వరంగల్‌లో శిల్పం అనగానే కాకతీయుల రాయి గుర్తుకొస్తుంది. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి, దాని చూరు కింద నల్లరాతి మదనికలు, ఖిల్లాలో గుడి కూలిపోయినా నిలబడి ఉన్న నాలుగు తోరణాలు ఈ ప్రాంతపు కంటికి కొలబద్ద అయ్యాయి. 2021లో రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక ఆ కొలబద్ద మరింత గట్టిపడింది. ఊరి పొలిమేరల్లో, కూడళ్లలో సిమెంటుతోనో ఫైబరుతోనో తోరణం నమూనాలు వెలిసినా వాటి ఉద్దేశం కూడా రాయిలా కనిపించడమే. ఇలాంటి చోట వెదురు దబ్బలు వంచి కట్టిన ఆకారాన్నో, పిడకలు పేర్చిన గోడనో శిల్పమంటే చూసేవారు తటపటాయించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఈ కొలబద్దలోనే ఒక లోపం ఉంది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత మనకు కనిపిస్తున్నది ఆ కాలం చేసిన పనిలో చెదలు తినలేని భాగం మాత్రమే. కర్ర, నార, బట్ట, మైనం, పూలతో చేసినవేవీ అంతకాలం ఉండవు. మిగిలినదాన్ని బట్టి సంప్రదాయాన్ని అంచనా వేస్తే సంప్రదాయమంతా రాతిదే అనిపిస్తుంది. ఈ ప్రాంతంలో జరిగే అతిపెద్ద జాతర ఇందుకు పూర్తి భిన్నమైన సాక్ష్యం చెబుతుంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే మేడారం జాతరలో సమ్మక్క, సారలమ్మలకు చెక్కిన విగ్రహం లేదు. అడవి నుంచి వెదురు వనం తెస్తారు, చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె గద్దెకు చేరుతుంది, జాతర ముగియగానే దేవతలు వనప్రవేశం చేస్తారు. లక్షల మంది మొక్కే రూపం శాశ్వతంగా ఒకచోట నిలబడి ఉండాలన్న నియమం అక్కడ లేదు.

బయటి ప్రపంచంలో ఈ మలుపు

ఆధునిక కళలో ఈ ధోరణికి 1960ల చివరి భాగం ఒక గట్టి మలుపు. ఇటలీలో కొందరు కళాకారులు పాలరాయి, కంచు పక్కన పెట్టి మట్టి, కొమ్మలు, గుడ్డపేలికలు చేతికి తీసుకున్నారు. విమర్శకుడు జెర్మానో చెలాంత్ 1967లో ఆ ధోరణికి ‘ఆర్తే పోవెరా’, అంటే పేద కళ అని పేరు పెట్టాడు. ఆ బృందంలోని జుసెప్పె పెనోనె 1969 నుంచి చేసిన ఒక పని ఇప్పటికీ చూడదగ్గది. కోతమిల్లులో కోసిన దూలాన్ని తీసుకుని, లోపలి వార్షిక వలయాల్లో ఒకదాన్ని పట్టుకుని, దాని వెంటే చెక్కుకుంటూ పోయాడు. కణుపుల దగ్గర చిన్న కొమ్మలు బయటపడ్డాయి. కొంతసేపటికి దూలంలోంచి ఒకప్పటి లేత చెట్టు లేచి నిలబడింది. దూలం కింది భాగాన్ని మాత్రం అలాగే వదిలేశాడు, ఏది దేనిలోంచి వచ్చిందో తెలిసేలా.

జర్మనీలో యోసెఫ్ బాయ్స్ కొవ్వునూ, ఉన్నితో చేసిన ఫెల్టునూ శిల్ప పదార్థాలుగా చేశాడు. ఆయన ఒక గది మూలన పెట్టిన కొవ్వు శిల్పాన్ని ఆయన మరణించిన 1986లోనే సిబ్బంది చెత్త అనుకుని తుడిచేశారు. అదే బాయ్స్ 1982లో కాసెల్ నగరంలో ఏడువేల ఓక్ మొక్కలు నాటే పనిని శిల్పంగా ప్రారంభించాడు. ఆయన పోయాక 1987లో ఆ లెక్క పూర్తయింది. ఒక శిల్పం చీపురుకు పోయింది, మరొకటి ఏటేటా లావెక్కుతోంది. బ్రిటన్‌లో డేవిడ్ నాష్ 1978లో ఓక్ మొద్దును బండరాయిలా చెక్కి వాగులో వదిలాడు. దాన్ని నీరు ఎటు తీసుకుపోతే అటు పోనిచ్చాడు. ఆండీ గోల్డ్‌స్వర్దీ ఆకుల్ని ముళ్లతో గుచ్చి, మంచుముక్కలు అతికించి చేసిన రూపాలు గంటల్లో, రోజుల్లో కరిగిపోతాయి; మిగిలేది ఫోటో. జర్మన్ కళాకారుడు వోల్ఫ్‌గాంగ్ లైబ్ ఏళ్ల తరబడి చేత్తో సేకరించిన హేజెల్ చెట్ల పుప్పొడిని 2013లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం నేల మీద పసుపుపచ్చని దీర్ఘచతురస్రంగా జల్లాడు. ప్రదర్శన అయ్యాక ఆ పుప్పొడిని సీసాల్లోకి ఎత్తి దాచుకోవడం ఆయన పద్ధతి.

మన దేశంలో కథ వేరు. ఇక్కడి కళాకారులకు ఈ పదార్థాలు మ్యూజియం మీద తిరుగుబాటు కోసం వెతుక్కున్నవి కావు, వాకిట్లోనే ఉన్నాయి. మృణాళినీ ముఖర్జీ (1949–2015) 1970ల నుంచి జనపనారను చేత్తో ముడులు వేసుకుంటూ మనిషి ఎత్తు దాటిన దేవతల్లాంటి, పూలలాంటి రూపాలు కట్టింది. ముందుగా గీసుకున్న నమూనా లేకుండా ముడి వెంట ముడిగా పెరిగిన శిల్పాలవి. 2019లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆమె పనిని పెద్ద ఎత్తున ప్రదర్శించింది. షీలా గౌడ 1990ల తొలినాళ్లలో, బొంబాయి అల్లర్ల తర్వాత, రంగుల చిత్రాల నుంచి ఆవుపేడ వైపు మళ్లింది. సుబోధ్ గుప్తా 1997లో పిడకలతో మనిషి లోపలికి వెళ్లగలిగే గుండ్రని కట్టడం చేశాడు. కర్ణాటకకు చెందిన రంజని శెట్టర్ తేనెమైనం పూసలను దారాలకు కట్టి గది నిండా వేలాడదీసింది. ఉక్కు చట్రానికి మస్లిన్ బట్ట చుట్టి చింతతో రంగు తెచ్చిన రూపాలు చేసింది. కర్ణాటకలోని కిన్నాళ కర్రబొమ్మల పద్ధతిలో వాడే చింతగింజల గంజి ఆమె పనిలోకి వచ్చింది. ఆ గంజి నిర్మల్‌లోనూ, చేర్యాలలోనూ ఎవరికీ కొత్త కాదు.

ఇక్కడి మూడు ఆయుష్షులు

ఉత్తర తెలంగాణలో సేంద్రియ పదార్థంతో రూపం కట్టే పద్ధతులను వాటి ఆయుష్షును బట్టి చూస్తే సంగతి తేటపడుతుంది.

మొదటిది ఒక్కరోజు బతికేది. బతుకమ్మను పండుగగా, పాటగా అందరూ చూస్తారు గానీ కట్టడంగా చూసేవారు తక్కువ. తాంబాళంలో గుమ్మడి ఆకులో ఆముదపు ఆకులో పరిచి, తంగేడు పూలతో మొదటి వరుస వేస్తారు. ఆపైన గునుగు, బంతి, చామంతి వరుసలు. గునుగు కాడలను ఒకే పొడవుకు కోసి, తెల్లని కొసలను రంగుల్లో ముంచి, కట్టలు కట్టి పువ్వు బయటికీ కాడ లోపలికీ వచ్చేలా పేరుస్తారు. మధ్య ఖాళీని ఆకులతో, కోసేసిన కాడల తుంపులతో కూరుతారు. బరువంతా ఆ కూరిన గుజ్జు మీద పడుతుంది, బయటి వరుస దాన్ని పట్టి ఉంచుతుంది. పైకి పోయేకొద్దీ చుట్టుకొలత తగ్గించకపోతే మోస్తుండగానే ఒకవైపు ఒరిగిపోతుంది. గునుగును ఇంతగా వాడటానికి భక్తి ఒక్కటే కారణం కాదు. దాని పూరేకుల్లాంటి భాగాలు పుట్టుకతోనే కాగితంలా పొడిగా ఉంటాయి కాబట్టి కోసిన తర్వాత వడలిపోవు, రంగు పట్టుకుంటాయి. మెట్టచేలలో కలుపుగా మొలిచే మొక్క అంత నమ్మకమైన నిర్మాణ పదార్థం కావడం విశేషమే. ఎంగిలి పూల నాటి నుంచి సద్దుల వరకు తొమ్మిది రోజుల్లో, ఆరో రోజు అలిగిన బతుకమ్మ నాడు తప్ప, రోజుకొకటి కడతారు. సాయంత్రానికి అది నీళ్లలో కలుస్తుంది. హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల రోజు కనిపించేది, ఒక విధంగా చూస్తే, పూలతో కట్టిన వేలాది శిల్పాల ఒక్కపూట ప్రదర్శన.

రెండోది దశాబ్దాలు నిలిచేది. నిర్మల్ బొమ్మలకు పొనికి కర్ర, చేర్యాల ముసుగులకు కొబ్బరి చిప్ప, రంపపు పొట్టు, చింతగింజల గంజి. వీటి ఆయుష్షు కర్రది కాదు, పైపూతది.

మూడోది అన్నింటికన్నా విచిత్రమైనది: సేంద్రియ పదార్థం తాను మాయమై వేరే పదార్థానికి రూపం ఇచ్చేది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఉషేగావ్ వంటి ఊళ్లలో ఓజాలు పోత పోసే ఇత్తడి బొమ్మలకు 2018లో ఆదిలాబాద్ డోక్రా పేరిట భౌగోళిక గుర్తింపు వచ్చింది. మట్టి ముద్దను రూపంగా చేసి ఆరబెట్టి, దాని మీద తేనెమైనపు సన్నని తీగలను పక్కపక్కనే చుట్టుకుంటూ పోతారు. నగలు, కళ్లు, కొమ్ములు అన్నీ మైనమే. దాని మీద మెత్తని మట్టి, ఆపైన గరుకు మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన సందులోకి ఇత్తడి పోస్తారు. తర్వాత మట్టి అచ్చును పగలగొట్టాల్సిందే. తయారైన బొమ్మ మీద కనిపించే గీతలన్నీ ఒకప్పుడు వేళ్ల కింద మెత్తగా ఉన్న మైనపు తీగలవే. తేనెటీగల మైనం లేకపోతే ఆ లోహశిల్పం లేదు.

మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒకటే. పాడైన దాని స్థానంలో మరొకటి ఎవరు చేస్తారన్న ప్రశ్నకు ముందే జవాబు ఉంది. బతుకమ్మను ఇంటి ఆడవాళ్లు, బొమ్మను నకాషీ (బొమ్మలు చేసి రంగులు వేసే) కుటుంబాలు, దేవతా రూపాన్ని ఓజాలు. వస్తువు పోయినా చేసే చెయ్యి పోదు.

చింతగింజ ఏం చేస్తుంది

ఈ పద్ధతులన్నింటిలో పదేపదే కనిపించే చింతగింజను కాస్త దగ్గరగా చూడాలి. గింజలను నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికిస్తే చిక్కటి గంజి వస్తుంది. అందులోని ముఖ్య పదార్థం జైలోగ్లూకాన్ అనే పొడవాటి చక్కెర గొలుసు. దాని వెన్నెముక నిర్మాణం కర్రలో, పత్తిలో ఉండే సెల్యులోజు నిర్మాణాన్ని పోలి ఉంటుంది. అందుకే అది పత్తి బట్టకూ కర్రపొట్టుకూ అంత గట్టిగా అతుక్కుంటుంది. గొంగడి నేసేవారు ఉన్ని దారానికి పట్టించేదీ ఈ గంజే.

చేర్యాల పనిలో దీని పాత్ర ఇంకా స్పష్టం. రంపపు పొట్టును గంజితో ముద్దగా కలిపి ముక్కు, పెదవులు, కనుబొమ్మలు దిద్దుతారు. ఆరాక పైన పలుచని బట్ట అతికించి, సుద్దమట్టి పూసి, నున్నగా రుద్ది రంగు వేస్తారు. ఒక్కో పొరకూ ఒక్కో పని ఉంది. పొట్టు ముద్ద ఆకారమిస్తుంది, బట్ట పగుళ్లను ఆపుతుంది, సుద్ద రంగును లోపలికి ఇంకిపోనివ్వదు. నిర్మల్‌లో విడిగా చెక్కిన చేతులు, కాళ్లు, తలలను మొండేనికి అతికేదీ ఇలాంటి ముద్దే. మేకు కొట్టరు. పొనికి అంత తేలికైన, మెత్తని కర్రలో మేకు చీలిక తెస్తుంది. గంజి, పొట్టు కలిసిన ముద్ద మాత్రం కర్రతోపాటే ఉబ్బి, కర్రతోపాటే తగ్గుతుంది.

ఇదే గంజి పురుగుకూ బూజుకూ మంచి తిండి కూడా. కాబట్టి పైన రంగు పొర అందం కోసమే కాదు. గంజిని గాలి తేమ నుంచి వేరు చేసే కవచం అదే. సమకాలీన శిల్పులు కొందరు పదార్థం తన సహజ రూపంలోనే కనిపించాలని పూత లేకుండా వదిలేస్తారు. ఆలోచన సరైనదే కావచ్చు, ఫలితం మాత్రం మొదటి శ్రావణంలోనే తెలిసిపోతుంది.

వానాకాలం పెట్టే పరీక్ష

సేంద్రియ శిల్పం ఎందుకు పాడవుతుందంటే చాలామంది వెంటనే చెద అంటారు. చెద కన్నా ముందు వచ్చేది తేమ. కర్ర చుట్టూ ఉన్న గాలితో నిరంతరం నీటిని ఇచ్చిపుచ్చుకుంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు కర్రలో నీరు సుమారు 6 శాతం దగ్గర నిలుస్తుంది, గాలి తేమ 80 శాతానికి చేరితే సుమారు 16 శాతానికి పెరుగుతుంది. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే, జూన్ చివరికి వానలు పడతాయి. అంటే కొద్ది వారాల వ్యవధిలోనే కర్ర బాగా ఎండి, మళ్లీ బాగా ఉబ్బుతుంది. పైగా అది అన్ని వైపులా సమానంగా కదలదు. వార్షిక వలయాల వెంబడి జరిగే సంకోచం, కేంద్రం నుంచి బయటికి జరిగే సంకోచానికి దాదాపు రెట్టింపు. నిండు మొద్దు మీద మధ్య నుంచి బయటికి పగులు రావడానికి కారణం ఇదే. మొద్దు లోపల తొలిస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది.

కర్రలో నీరు 20 శాతం దాటి నిలిచిపోతే శిలీంధ్రాలు మొదలవుతాయి. నేలకు ఆనిన భాగం ముందు పుచ్చేది అందుకే. టేకులో సహజంగా ఉండే కొన్ని రసాయనాలు చెదను దూరం పెడతాయి. పొనికికి ఆ రక్షణ లేదు. వెదురు విషయం మరోలా ఉంటుంది. అందులోని పిండిపదార్థం కోసం పురుగు తొలుస్తుంది. కొట్టిన వెదురును వారాల తరబడి నీళ్లలో నానబెట్టే పాత పద్ధతి ఆ పిండిని, చక్కెరను కడిగేయడానికే. ఇప్పుడు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో నానబెడుతున్నారు. అది పనిచేస్తుంది, కానీ ఆరుబయట పెడితే వాననీటికి ఆ లవణాలు కరిగిపోతాయి. పార్కులో నిలబెట్టిన వెదురు శిల్పానికి మందు కొట్టించామని నిశ్చింతగా ఉండటం కుదరదు.

తేనెమైనానిది ఎండతో తగువు. అది కరిగేది 62 నుంచి 64 డిగ్రీల మధ్య, కానీ మెత్తబడటం 35 డిగ్రీల చుట్టూనే మొదలవుతుంది. చల్లని గ్యాలరీలో నిలిచిన మైనపు శిల్పాన్ని ఏసీ లేని హాల్లో ఏప్రిల్‌లో పెడితే, మూసిన లారీలో పంపితే దాని రూపం ఎలా మారుతుందో ఊహించవచ్చు. ఈ కళలో ప్రదర్శన తేదీ కూడా ముడిసరుకే. దసరా తర్వాత నుంచి శివరాత్రి లోపు కాలం, వానా లేక ఎండా ముదరక, ఇక్కడ ఆరుబయట ఇలాంటి పనులకు అనువైనది.

సహజమైనదంతా మేలైనదేనా

ఏటా వినాయక చవితికి ముందు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలపై జరిగే చర్చ వల్ల సహజ పదార్థం అంటే పర్యావరణానికి మేలు అన్న సమీకరణం జనంలో బాగా నాటుకుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను వద్దన్నాయి. నీటితో కలిసి గట్టిపడ్డాక అది జిప్సంగా మారుతుంది, జిప్సం లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాములకు మించి కరగదు. అందుకే చెరువులో విగ్రహాల ముక్కలు నెలల తరబడి అలాగే ఉంటాయి. మట్టి సేంద్రియం కాదు, ఖనిజమే; కానీ కాల్చని మట్టి నీటిలో విడిపోతుంది. తేడా అక్కడ ఉంది.

అదే తర్కాన్ని శిల్పానికి పట్టించేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. లోపల ఉక్కు చట్రం, పైన ఎపాక్సీ పూత ఉన్న వెదురు శిల్పాన్ని నేలలో కలిసిపోయేది అనలేం. పూలు సైతం చిన్న కుంటలో ఒకేచోట గుట్టగా పడితే కుళ్లేటప్పుడు నీటిలో కరిగిన ప్రాణవాయువును వాడేసుకుంటాయి, చేపలకు ఊపిరాడదు. పెద్ద చెరువులో చెదిరిపోయే బతుకమ్మలకూ, మూలన పోగుపడే పూలకుప్పకూ పదార్థం ఒకటే, పరిణామం వేరు.

ఇక ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుందన్నది అన్నింటికన్నా గట్టి ప్రశ్న. పొనికి చెట్లు అడవిలో తగ్గిపోవడం నిర్మల్ కళాకారుల చిరకాలపు ఇబ్బంది. వెదురు విషయంలో 2017లో అటవీ చట్ట సవరణ వల్ల అడవి బయట పెంచిన వెదురు ‘చెట్టు’ నిర్వచనం నుంచి తొలగింది, నరకడానికీ తరలించడానికీ అటవీ అనుమతుల బెడద తగ్గింది. పొనికికి అలాంటి తోటల పెంపకం ఆ స్థాయిలో లేదు. సమకాలీన శిల్పులకు ఈ కర్ర నచ్చి కొనుగోళ్లు పెరిగితే ధర పెరిగేది బొమ్మ చేసేవారికే. మరోవైపు ఇక్కడ కరువు లేని పదార్థాలూ ఉన్నాయి: ఏరివేత అయ్యాక చేలల్లో తగలబెట్టే పత్తి కట్టె, తాటి మట్టలు, గోగునార, అమ్ముడుపోక మిగిలే దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని. పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటైన ఎనుమాముల పక్కనే ఉండి పత్తి కట్టెను శిల్పులు ఇంతగా పట్టించుకోకపోవడం వింతే. బహుశా అది చెక్కడానికి లొంగదు, కట్టడానికే లొంగుతుంది.

కొనేవారు దేన్ని కొంటున్నారు

అమెరికా కళాకారిణి జోయి లెనార్డ్ 1992 నుంచి 1997 మధ్య అరటి, నారింజ, నిమ్మ వంటి సుమారు మూడు వందల పండ్ల తొక్కలను సూదీదారంతో మళ్లీ పండ్లుగా కుట్టింది. కొన్నింటిని చెడిపోకుండా నిలిపే పద్ధతిని ఒక సంరక్షణ నిపుణుడు తయారు చేశాడు కూడా. ఆమె వద్దంది. ఎండి, ముడుచుకుని, పొడి అయ్యే క్రమమే తన పని అని చెప్పింది. ఫిలడెల్ఫియా మ్యూజియం ఆ ఒప్పుకోలుతోనే దాన్ని తీసుకుంది. ఇలాంటి పనుల్లో కొనుగోలు పత్రంలో రాసేది వస్తువు వివరం ఒక్కటే కాదు. పాడైతే మరమ్మతు చేయవచ్చా, అదే కొలతలతో కొత్తది కట్టవచ్చా, ఎవరు కట్టాలి, లేక పోనివ్వాలా అన్నవి కూడా.

మన పురపాలక సంస్థలు, కళాశాలలు, కార్యాలయాలు శిల్పం తెప్పించుకునేటప్పుడు ఈ నాలుగు మాటలు అరుదుగా రాస్తాయి. టెండరులో ఎత్తు, వెడల్పు, పదార్థం, రంగు, పూర్తి చేయాల్సిన గడువు ఉంటాయి. ఫైబరు బొమ్మకు అవి సరిపోవచ్చు. నార శిల్పానికి సరిపోవు. ఆవిష్కరణ నాడు దండలు, రెండో వానాకాలానికి బూజు, ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే స్టోర్ రూమ్ అన్న క్రమం ఇందువల్లే. ఇక్కడ దోషం వెదురుది కాదు.

పూరీలో వేపకర్రతో చేసే జగన్నాథ, బలభద్ర, సుభద్ర, సుదర్శన మూర్తులను నవకళేబర ఉత్సవంలో మారుస్తారు. 1996 తర్వాత అది 2015లో జరిగింది. అధిక ఆషాఢం వచ్చిన ఏడాది, చెట్టును ఎంచే లక్షణాలు, చెక్కే వంశాలు, పాత మూర్తులను పూడ్చే చోటు అన్నీ ముందే నిర్ణయమై ఉన్నాయి. కర్ర దేవుడిని శతాబ్దాల పాటు నిలిపింది ఆ క్రమమే. ఒక పార్కులోని శిల్పానికి అంత వ్యవస్థ అక్కర్లేదు. మూడేళ్లకోసారి దబ్బలు మార్చడానికి దగ్గరలోని మేదరి కుటుంబానికి ఇంత అని వార్షిక పద్దులో రాసుకుంటే చాలు. దానితో శిల్పి ఊహకు ఆయుష్షు, మేదరి చేతికి పని రెండూ దొరుకుతాయి. ప్రస్తుతం చాలా చోట్ల శిల్పి పేరు ఫలకం మీద ఉంటుంది, అల్లినవారి పేరు కూలీల పట్టీలో ఉంటుంది.

రాబోయే ఏళ్లలో ఈ తరహా పనులు వరంగల్ చుట్టుపక్కల పెరిగే అవకాశమే ఎక్కువ. కంచు పోతకు అయ్యే ఖర్చుతో పోలిస్తే వెదురు, నార చవక. కళా శిబిరాలకు కొద్దిరోజుల్లో పూర్తయ్యే పదార్థం కావాలి. పర్యావరణం పేరు చెబితే నిధులూ తేలికగా వస్తాయి. ఆ పెరుగుదలలో ఎంత భాగం ఎండాకాలం దాటుతుందన్నది శిబిరం నిర్వాహకులు ముగింపు సభ నాడు శిల్పాన్ని ఎవరికి అప్పగిస్తారన్న దాని మీద ఆధారపడి ఉంది: తాళంచెవి ఉన్న గుమాస్తాకా, కత్తి పట్టడం తెలిసిన మేదరికా.